పీటర్స్‌బర్గ్ ముట్టడి: గని కార్మికుల రెజిమెంటు తవ్విన సొరంగం పేలినా కోట ఎందుకు దక్కలేదు

క్లుప్తంగా: అమెరికా అంతర్యుద్ధంలో పెన్సిల్వేనియా 48వ వాలంటీర్ పదాతి రెజిమెంటు 1864 జూన్ 25న పని మొదలుపెట్టి, నెల తిరక్కముందే శత్రు కోట కిందికి 510 అడుగుల సొరంగం తవ్వింది. జూలై 30న అందులోని 8,000 పౌండ్ల తుపాకి మందు అనుకున్నచోటే పేలింది. ఆ వెంటనే జరిగిన దాడిలో మాత్రం యూనియన్ (ఉత్తరాది) సైన్యం మృతులు, గాయపడ్డవారు, గల్లంతైనవారు కలిపి 3,798 మందిని కోల్పోయింది. తవ్వకం చేతిపని తెలిసినవాళ్ల అధీనంలో సాగింది. దాడి ఆఖరి రోజున, దానికి సిద్ధంకాని వాళ్ల చేతుల్లోకి వెళ్లింది. రెండు ఫలితాల మధ్య ఇంత దూరం ఉండటానికి మూలం అక్కడే ఉంది.

చుట్టుముట్టని ముట్టడి

ముట్టడి అనగానే కోటను నాలుగు వైపులా చుట్టి, తిండీ నీళ్లూ అందకుండా చేయడమే గుర్తుకొస్తుంది. 1863లో మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్‌లో జరిగింది అదే. వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లో అలా జరగలేదు. ఈ ఊరు కాన్ఫెడరేట్ (యూనియన్ నుంచి విడిపోయిన దక్షిణాది) రాజధాని రిచ్‌మండ్‌కు దక్షిణాన ఉన్న రైల్వే కూడలి. దక్షిణాది నుంచి రిచ్‌మండ్‌కు చేరే ధాన్యం, మాంసం, మందుగుండు చాలావరకు ఇక్కడి పట్టాల మీదుగానే పోయేవి. 1864 జూన్ నడుమ యూనియన్ సర్వసేనాని యులిసిస్ గ్రాంట్ సేనలు ఊరిని ఒక్క ఊపులో పట్టుకోవాలని చూసి విఫలమయ్యాయి. ఆ తర్వాత తూర్పు వైపు కందకాలు తవ్వుకుని, నెలనెలా పడమటికి పొడిగించుకుంటూ ఒక్కో రైలుమార్గాన్నీ తెంచడం మొదలుపెట్టాయి. ఇది 1865 ఏప్రిల్ 2 దాకా, అంటే తొమ్మిదిన్నర నెలలు సాగింది. చివరికి కందకాల వరుస 30 మైళ్లు దాటింది.

అందుకే ఇక్కడ ముట్టడి విధి అంటే మూడొంతులు మట్టి పని. పదాతి సైనికుడు తుపాకి పట్టిన గంటల కంటే పార పట్టిన గంటలే ఎక్కువ.

ఒకే జిల్లా, ఒకే వృత్తి

నాటి యూనియన్ సైన్యంలో సింహభాగం వాలంటీర్ రెజిమెంట్లదే. కేంద్రం కోటా చెప్పేది, రాష్ట్ర గవర్నరు రెజిమెంటును నిలబెట్టి అధికారులను నియమించేవాడు. పది కంపెనీలు, పూర్తి బలం ఉంటే సుమారు వెయ్యి మంది. ఒక్కో కంపెనీ ఒక ఊరి నుంచో, ఒక కౌంటీ నుంచో వచ్చేది. దీనివల్ల ఒక నష్టం ఉంది: ఒక్క చెడ్డ రోజు పోరాటంలో ఒక ఊరి యువకులంతా పోవచ్చు. ఒక లాభమూ ఉంది: ఊరి చేతిపని రెజిమెంటుతో పాటు యుద్ధరంగానికి వచ్చేది.

48వ రెజిమెంటు 1861 శరత్కాలంలో స్కూల్‌కిల్ కౌంటీలో ఏర్పడింది. పాట్స్‌విల్ చుట్టుపక్కల ఉన్న ఆ ప్రాంతం ఆంత్రసైట్ బొగ్గు గనులకు పేరు. మూడేళ్ల ఒప్పందం ముగిసేలోపే, 1863–64 చలికాలంలో, రెజిమెంటులో ఎక్కువమంది మళ్లీ చేరడానికి ఒప్పుకున్నారు. 1864 జూన్‌లో పీటర్స్‌బర్గ్ చేరేసరికి మిగిలింది సుమారు 400 మంది. వాళ్లలో దాదాపు నాలుగో వంతు గనుల్లో పనిచేసినవాళ్లే. నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ హెన్రీ ప్లెజెంట్స్ వృత్తిరీత్యా ఇంజినీరు. యుద్ధానికి ముందు రైల్వే సొరంగాల మీద, గనుల్లో పనిచేశాడు. ఈ కలయిక ఎవరూ పథకం వేసి కూర్చింది కాదు, వాలంటీర్ పద్ధతి వల్ల తనంతట తాను వచ్చింది.

జూన్ 17, 18 దాడుల తర్వాత ఆంబ్రోస్ బర్న్‌సైడ్ నాయకత్వంలోని 9వ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద సైనిక విభాగం) మిగతా దళాల కంటే ముందుకు చొచ్చుకుపోయి ఆగింది. 48వ రెజిమెంటు కందకానికీ ఎదుటి కోటకూ మధ్య దూరం 400 అడుగులు మాత్రమే. ఆ కోట ఇలియట్స్ సేలియంట్: బయటికి పొడుచుకొచ్చిన మట్టి బురుజు, లోపల ఫిరంగులు, వాటి వెనక సౌత్ కరొలైనా పదాతి దళం. బురుజు వెనక కాస్త ఎత్తున సెమెట్రీ హిల్. ఆ గుట్ట దక్కితే ఊరు దక్కినట్టే.

కందకంలో రోజు ఎలా గడిచేది

తల ఎత్తితే గురికాడి తూటా. కందకం ఒడ్డున ఇసుక సంచుల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచే కాల్చేవారు. కాన్ఫెడరేట్లు నల్లజాతి సైనికులున్న 9వ కోర్ ఎదుట కాల్పులు ఆపేవారు కారు. పక్కనున్న 5వ కోర్ ఎదుట మాత్రం తరచూ చెప్పకుండానే విరామం పాటించేవారు. ఒకే యుద్ధరంగంలో కిలోమీటరు తేడాతో సైనికుడి బతుకు ఇంతగా మారిపోయేది.

కందకం వల్ల నేరుగా వచ్చే గుండు నుంచి రక్షణ ఉంటుంది, పైనుంచి పడే గుండు నుంచి ఉండదు. అందుకే రెండు పక్షాలూ కోహార్న్ మోర్టార్లు తెచ్చాయి. 24 పౌండర్ కోహార్న్ గొట్టం బరువు 164 పౌండ్లు. దిమ్మతో సహా నలుగురు మోయగలరు కాబట్టి ముందు వరుస దాకా వస్తుంది. గుండు బాగా ఎత్తుకు లేచి దాదాపు నిట్టనిలువుగా కందకంలో పడుతుంది. దానికి విరుగుడు బాంబ్‌ప్రూఫ్: నేలలో గొయ్యి, పైన లావాటి దుంగలు, వాటి మీద అడుగుల మందాన మట్టి. రాత్రిళ్లు పని వేరు. పగలు దెబ్బతిన్న కట్టలు పూడ్చడం, కొమ్మలతో అల్లిన అడుగులేని బుట్టల్లో మట్టి నింపి నిలబెట్టడం, మొనలు చెక్కిన కొమ్మలను శత్రువు వైపు తిప్పి కందకం ముందు అడ్డంగా పరచడం. ఈ కొమ్మల అడ్డంకి సంగతి గుర్తుంచుకోవాలి, జూలై 30న అది తమవాళ్లకే అడ్డొచ్చింది.

ఆ వేసవిలో జూన్ తొలి వారం నుంచి జూలై మూడో వారం దాకా చినుకు పడలేదు. ఎండ, దుమ్ము, నిల్వనీరు, విరేచనాలు. ఉప్పు మాంసం, గట్టి బిస్కెట్లు, కాఫీ మీదే బతికేవాళ్లకు స్కర్వీ రాకుండా శానిటరీ కమిషన్ అనే స్వచ్ఛంద సంస్థ సిటీ పాయింట్ రేవు నుంచి కూరగాయలు పంపేది.

సొరంగం: కొలత, పనిముట్లు, గాలి

ఎదుటి కోటను కింద నుంచి లేపేయవచ్చన్న మాట ముందు గని కార్మికుల నోటే వచ్చిందంటారు. ప్లెజెంట్స్ దాన్ని డివిజన్ అధిపతి రాబర్ట్ పాటర్ ద్వారా బర్న్‌సైడ్‌కు చేర్చాడు. జూన్ 25న పని మొదలైంది. సైన్యం ముఖ్య ఇంజినీరు మేజర్ జేమ్స్ డువేన్‌కు నమ్మకం లేదు. అప్పటి సైనిక సొరంగాలు 400 అడుగులు దాటేవి కావు. అంతకంటే పొడవైతే గాలి ఆడదన్నది పుస్తక జ్ఞానం. అభ్యంతరానికి ఆధారం ఉంది. ఆ అభ్యంతరాన్ని సాకుగా చేసుకుని పనిముట్లు ఇవ్వకపోవడం మాత్రం తప్పే. దుంగలు, తోపుడు బళ్లు, గని పలుగులు, ఏవీ రాలేదు.

రెజిమెంటు తన దారి తాను చూసుకుంది. మామూలు సైనిక పలుగుల వంపు సరిచేయించి ఇరుకులో తిప్పడానికి వీలుగా మార్చారు. బిస్కెట్ల పెట్టెలకు హికరీ కర్రలు పిడులుగా కొట్టి, ఉప్పు మాంసం పీపాల ఇనుప పట్టీలు బిగించి, వాటిలో మట్టి మోశారు. ఆధారాలకు కలప ముందు ఒక పాత రైల్వే వంతెన విప్పితే దొరికింది. ఆ తర్వాత అయిదారు మైళ్ల వెనక ఉన్న ఒక రంపపు మిల్లును నడిపి పలకలు కోయించారు.

దూరం కొలవడం అన్నిటికంటే కీలకం. లెక్క ఇరవై అడుగులు తగ్గినా పేలుడు కోట ముందు ఖాళీ నేలను లేపుతుంది. ముందు వరుసలో రెండు బిందువులు ఎంచుకుని, వాటి మధ్య దూరం కొలిచి, రెండింటి నుంచీ కోట వైపు కోణాలు చూస్తే త్రికోణమితితో మిగతాది తేలుతుంది. దానికి కోణాలు కొలిచే పరికరం, థియోడొలైట్, కావాలి. సైన్యం ప్రధాన కార్యాలయంలో ఉన్నా ఇవ్వలేదు. బర్న్‌సైడ్ వాషింగ్టన్ నుంచి పాతకాలపుదొకటి తెప్పించాడు. ప్లెజెంట్స్ శత్రువు గురి కింద, 133 గజాల దూరంలో నిలబడి కోణాలు తీశాడు.

సొరంగం ఎత్తు సుమారు 4.5 అడుగులు, అడుగు భాగం వెడల్పు 4.5, పైన 2 అడుగులు. పైన ఇరుకు చేయడం వల్ల కప్పు మీద బరువు తగ్గుతుంది, కలప కూడా తక్కువ పడుతుంది. సొరంగం కొసన, తవ్వే చోట, ఒక్కసారి ఇద్దరే తవ్వగలరు. అయినా సొరంగం పొడవైనకొద్దీ మట్టి మోసేవాళ్లు పెరగాలి కాబట్టి రోజుకు 210 మంది దాకా, చివరికి దాదాపు రెజిమెంటంతా అందులో దిగాల్సి వచ్చింది. సార్జెంట్ హ్యారీ రీస్ గని మేస్త్రీగా షిఫ్టులు నడిపాడు. బయటపడ్డ 18,000 ఘనపుటడుగుల మట్టి వెనక లోయలో పోసి, చెట్లెక్కి చూసే శత్రువుకు తాజా మట్టి కనబడకుండా రోజూ కొత్త కొమ్మలు కప్పేవారు.

జూలై 2న నేల పూర్తిగా తడిసిన పొర తగిలింది. ఆధారాలు విరిగి, కప్పూ నేలా దాదాపు కలిసిపోయాయి. అది బాగుచేసి ముందుకు పోతే పుట్టీలా జిగటగా ఉండి గాలి తగలగానే గట్టిపడే మార్ల్ మట్టి. పలుగు దిగదు. తవ్వకం దిశ మార్చకుండా, 100 అడుగులకు 13.5 అడుగుల చొప్పున పైకి ఏటవాలుగా తిప్పి ఆ పొరను దాటారు. ఈ నిర్ణయం పుస్తకంలో దొరకదు, పొర ఎటు వంగుతుందో చేతికి తెలిసినవాడికే తడుతుంది.

గాలి సమస్యకు పరిష్కారం కూడా గనుల నుంచే వచ్చింది. ముఖద్వారం నుంచి కొంత లోపలికి, తమ కందకం మరుగున, నిట్టనిలువుగా ఒక పొగగొట్టంలాంటి బావి తవ్వి, దాని అడుగున నిత్యం మంట ఉంచారు. మంటకు ఇవతల గాలి చొరని తలుపు. తలుపు అడుగు నుంచి, సొరంగం నేల పొడవునా, తవ్వే చోటు దాకా చెక్క గొట్టం. వేడి గాలి బావిలో పైకి పోతుంది; ఆ లాగుడుకు సొరంగంలోని చెడు గాలి మంట వైపు కదులుతుంది; దాని స్థానంలో బయటి గాలి చెక్క గొట్టంలోంచి నేరుగా తవ్వేవాళ్ల దగ్గరికి చేరుతుంది. సొరంగం పెరిగినకొద్దీ గొట్టం పెంచితే చాలు. సింగరేణి భూగర్భ గనుల్లో పెద్ద ఫ్యాన్లు చేసే పని ఇదే: గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఇంకొకటి. డువేన్ చెప్పిన 400 అడుగుల హద్దు ఇక్కడ చెల్లకుండా పోయింది.

జూలై 17కి ప్రధాన సొరంగం 510.8 అడుగులకు చేరి కోట కిందికి వచ్చింది. 23 రోజుల్లో సగటున రోజుకు 22 అడుగులు. తర్వాత కోట పొడవునా ఎడమకు 37, కుడికి 38 అడుగుల పక్క గదులు జూలై 23కి పూర్తయ్యాయి. కాన్ఫెడరేట్లకు అనుమానం రాకపోలేదు. ఫిరంగి అధికారి ఇ.పి. అలెగ్జాండర్ ముందే హెచ్చరించాడు, ఎదురు సొరంగాలూ తవ్వించారు. అవి పక్కనుంచి పోయాయి. పైన శత్రువు మట్టి తవ్వే శబ్దం వినబడుతుండగా పక్క గదుల పని చప్పుడు లేకుండా సాగించాల్సి వచ్చింది.

ఎనిమిది గదులు, 98 అడుగుల వత్తి

ప్లెజెంట్స్ అడిగింది 12,000 పౌండ్ల మందు. సైన్యాధిపతి జార్జ్ మీడ్ మంజూరు చేసింది 8,000, అంటే 3,600 కిలోలు. 25 పౌండ్ల పీపాలు 320. ఎనిమిది అరల్లో ఒక్కోదానికి 1,000 పౌండ్లు. జూలై 27 సాయంత్రం 4 గంటలకు నింపడం మొదలై రాత్రి 10కి ముగిసింది. అరలను కలుపుతూ సగం మందు నింపిన చెక్క తొట్లు వేశారు. ఆ తర్వాత పేలుడు వెనక్కి, సొరంగం వెంట తన్నకుండా, పక్క గదుల్లో 10 అడుగుల చొప్పున, ప్రధాన సొరంగంలో 34 అడుగుల మేర ఇసుక సంచులూ దుంగలతో బిగించారు. పూడిక చాలకపోతే మందు బలం మట్టిని లేపకుండా సులువైన దారిన బయటికి పోతుంది.

వత్తి దగ్గర మళ్లీ సరఫరా దెబ్బకొట్టింది. అడిగిన సేఫ్టీ ఫ్యూజు రాలేదు. వచ్చింది మామూలు వత్తి, అదీ 10, 15 అడుగుల ముక్కలుగా. వాటిని ముడివేసి 98 అడుగుల మేర మూడు వరసలు పరిచారు. ముడి పడిన ప్రతి చోటా వత్తి ఆరిపోయే ప్రమాదం ఉంటుంది. జూలై 30 తెల్లవారుజామున 3.15కి వెలిగిస్తే మూడున్నరకు పేలాలి. పేలలేదు. గంట గడిచేసరికి తూర్పు తెల్లబడింది, చీకటి మాటున దాడి అన్న లెక్క పోయింది. సార్జెంట్ రీస్, లెఫ్టినెంట్ జేకబ్ డౌటీ లోపలికి పాక్కుంటూ వెళ్లి, ముడి దగ్గర ఆరిన వత్తిని మళ్లీ వెలిగించి బయటపడ్డారు. 4.44కి కోట లేచింది. 170 అడుగుల పొడవు, 60 నుంచి 80 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు గొయ్యి. కాన్ఫెడరేట్ నష్టం అంచనాలు 278 నుంచి 352 దాకా ఉన్నాయి.

గొయ్యిలోకి దిగిన దాడి

సందర్భం అనుకూలంగానే ఉంది. గ్రాంట్ అంతకుముందే ఒక దళాన్ని జేమ్స్ నది అవతలికి పంపడంతో కాన్ఫెడరేట్ సేనాధిపతి రాబర్ట్ లీ తన సేనల్లో ఎక్కువ భాగాన్ని అటు తరలించాడు. పీటర్స్‌బర్గ్‌లో మిగిలినవి మూడు డివిజన్లే.

బర్న్‌సైడ్ ఈ దాడికి ఎడ్వర్డ్ ఫెరెరో కింద ఉన్న నల్లజాతి సైనికుల డివిజన్‌ను ఎంచుకున్నాడు. ఒక బ్రిగేడు గొయ్యికి ఎడమగా, ఒకటి కుడిగా చీలి, పక్క కందకాలు ఊడ్చుకుంటూ గుట్ట మీదికి వెళ్లాలన్నది వాళ్లకు ఇచ్చిన శిక్షణ. పేలుడుకు ముందురోజు మీడ్ దాన్ని మార్చాడు, గ్రాంట్ సమర్థించాడు. యుద్ధానుభవం లేదన్నది ఒక కారణం. విఫలమైతే నల్లజాతివాళ్లను చావుకు ముందు నెట్టారన్న నింద వస్తుందన్నది రెండోది. మిగిలిన మూడు డివిజన్లకు చీటీలు వేస్తే జేమ్స్ లెడ్లీకి వచ్చింది. ఒక పనికి తర్ఫీదు పొందిన దళాన్ని పక్కనపెట్టి, నాయకుణ్ణి చీటీతో తేల్చడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద తప్పు. లెడ్లీ దాడి సాగినంతసేపూ వెనక బాంబ్‌ప్రూఫ్‌లో రమ్ము తాగుతూ ఉన్నాడని విచారణలో తేలింది. దాడికి అసలు శిక్షణ పొందిన డివిజన్ నాయకుడు ఫెరెరో కూడా ఒక దశలో అక్కడే ఉన్నాడు.

యాంత్రిక లోపాలు ఇంకా మామూలువి, అందుకే ఎక్కువ బాధ కలిగిస్తాయి. సొంత కందకం ముందున్న కొమ్మల అడ్డంకి తీయలేదు. లోతైన కందకంలోంచి ఎక్కడానికి నిచ్చెనలు పెట్టలేదు. దళం పక్కకు విస్తరించాల్సింది పోయి సన్నని సందులోంచి కొద్దికొద్దిగా బయటపడింది. ముందుపోయినవాళ్లకు గొయ్యిని చుట్టి వెళ్లాలని ఎవరూ నేర్పలేదు. అందులోకి దిగారు. వదులు మట్టి, నిట్టనిలువు గోడ. దిగడం తేలిక, ఎక్కడం కష్టం. వెనకనుంచి వచ్చేవాళ్లు తోస్తుంటే గొయ్యి నిండిపోయింది. ఒక దశలో కంపెనీలు కలిసిపోయి ఆజ్ఞలు వినేవాళ్లే లేరు. విలియం మహోన్ ఎదురుదాడితో కాన్ఫెడరేట్లు ఒడ్డు మీదికి చేరి కిందికి కాల్చారు, మోర్టార్లు లోపలికి వేశారు. ఆలస్యంగా పంపిన ఫెరెరో డివిజన్‌కు అన్ని డివిజన్లలోకీ ఎక్కువ నష్టం జరిగింది. లొంగిపోయిన, గాయపడ్డ నల్లజాతి సైనికులను చాలామందిని చంపేశారు. అది యుద్ధం కాదు, హత్యాకాండ. దాన్ని నష్టాల పట్టికలో ఒక అంకెగా కలిపేయడం సరికాదు.

యూనియన్ వైపు 504 మంది మృతులు, 1,881 మంది గాయపడ్డవారు, 1,413 మంది గల్లంతైనవారు లేదా బందీలు. కాన్ఫెడరేట్ నష్టం సుమారు 1,500. బర్న్‌సైడ్ మళ్లీ సేనాధిపత్యం చేపట్టలేదు. నల్లజాతి డివిజన్ ముందుండి ఉంటే గెలిచేవాళ్లమని గ్రాంట్ తర్వాత కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు.

విక్స్‌బర్గ్, గోల్కొండ

అందుబాటులో ఉన్న పాఠాన్ని వాడుకోకపోవడం ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ సొరంగం పని మొదలవడానికి సరిగ్గా ఏడాది ముందు, 1863 జూన్ 25న, గ్రాంట్ సేనలే విక్స్‌బర్గ్‌లో మూడవ లూసియానా రెడాన్ అనే మట్టి కోట కింద 2,200 పౌండ్ల మందు పేల్చాయి. 45వ ఇల్లినాయ్ వాలంటీర్లు గొయ్యిలోకి దూకారు. వెనక కాన్ఫెడరేట్లు ముందే కొత్త కట్ట కట్టి ఉంచారు. పైనుంచి వత్తి వెలిగించిన గుండ్లు దొర్లించారు. ముందుకు కదల్లేదు. జూలై 1న పేల్చిన రెండో సొరంగం తర్వాత అసలు దాడే చేయలేదు. పేలుడు గోడను తెరుస్తుంది, కానీ దానివల్ల పడిన గొయ్యి దాడి చేసేవాడికే అడ్డంకి అవుతుందని అప్పటికే తెలుసు.

గోల్కొండ చరిత్ర తెలిసినవారికి ఎదురు సొరంగం విలువ కూడా అర్థమవుతుంది. 1687 ముట్టడిలో ఔరంగజేబు సైన్యం బురుజుల కింద మందు పెడితే కోటలోని వాళ్లు పసిగట్టి కొంత మందు తీసేశారు. పేల్చినప్పుడు రాళ్లు మొఘలుల మీదే పడ్డాయి. పీటర్స్‌బర్గ్‌లో కాన్ఫెడరేట్లు అదే ప్రయత్నం చేశారు. ప్లెజెంట్స్ సొరంగానికి అతి దగ్గరగా పోయి తప్పిపోయారు.

తర్వాతి ప్రభావం

48వ రెజిమెంటు ఆ చలికాలమంతా ఫోర్ట్ సెడ్జ్‌విక్‌లో కాపలా కాసింది. సైనికులు దానికి ఫోర్ట్ హెల్ అని పేరుపెట్టారు. ప్లెజెంట్స్ 1864 డిసెంబరులో సైన్యం నుంచి వైదొలగాడు. 1865 ఏప్రిల్ 2న ఎదుటి ఫోర్ట్ మహోన్ మీద జరిగిన చివరి దాడిలో రెజిమెంటు కర్నల్ జార్జ్ గోవెన్ చనిపోయాడు. ఆ రాత్రే కాన్ఫెడరేట్లు ఊరు వదిలారు.

గని కార్మికులను వెతికి తెచ్చి ప్రత్యేక దళంగా కట్టడం యాభై ఏళ్ల తర్వాత, మొదటి ప్రపంచయుద్ధంలో, బ్రిటిష్ సైన్యంలో జరిగింది. 1915లో టన్నెలింగ్ కంపెనీలు పుట్టాయి. 1916 జూలై 1న హాథార్న్ రిడ్జ్ దగ్గర 40,000 పౌండ్ల మందును దాడికి పది నిమిషాల ముందు పేల్చారు. ఆ పది నిమిషాల్లో జర్మన్లు గొయ్యి ఒడ్డు ఆక్రమించుకున్నారు. 1917 జూన్ 7న మెసీన్ దగ్గర 19 సొరంగాలు దాదాపు ఒక్కసారిగా పేలాయి. ఫిరంగి కాల్పులు, పదాతి కదలిక ఆ క్షణానికే ముడిపెట్టి ఉంచారు, దళాలు నమూనా నేల మీద ముందే సాధన చేసి వచ్చాయి. ఆ రోజు కొండ దక్కింది.